స్తోత్రం చెప్పిన నోరు

(దూలపల్లిలో జరిగిన స్మారక సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



బ్యానరు మీద మాష్టారి పేరు లేదేమని లోపలికి వస్తుంటే ఇద్దరు ముగ్గురు అడిగారు. వెయ్యొద్దని ఆయనే చెప్పి వెళ్ళారు. వాళ్ళ అమ్మాయి ఆ మాట నిలబెడుతున్నారు. కాబట్టి ఈ గంటసేపూ ఆయన మనకు మాష్టారే. మీరంతా ‘సారు’ అంటారు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి, నా నోటికి ‘మాష్టారు’ అనే వస్తుంది. సర్దుకుపొండి.

నాకిచ్చిన అంశం ‘క్రైస్తవులు – శుద్ధమైన మాట’. దీని మీద ప్రసంగం చేయడం తేలిక. యాకోబు పత్రిక మూడో అధ్యాయం తెరిచి నాలుక నిప్పని చెప్పాలి. ఎఫెసీయుల పత్రికలో బూతులూ పోకిరి మాటలూ వద్దన్న చోటు చదవాలి. కుర్రాళ్ళను కాసేపు మందలించి టీ తాగి వెళ్ళిపోవాలి. జీడిమెట్ల బస్సులో రోజూ తిరిగే పిల్లాడికి తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఈమధ్య ఒడియా కూడా కలిపి నాలుగు భాషల బూతులు వచ్చు. అవి మానమనడానికి ఉపన్యాసం ఎందుకు, వాళ్ళమ్మ చాలు. నా సందేహం వేరు. ఒక్క బూతు ముక్క దొర్లకుండానే నోరు ఎంత మురికి కావచ్చో మన సంఘాల్లో ఎవరూ చెప్పరు. బూతులు మానేసిన మరునాడే నోరు శుద్ధి అయిపోయిందన్న ధీమా వచ్చేస్తుంది. నా పేచీ ఆ ధీమాతోనే.

మాష్టారు మెదక్ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చి జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేశారు. ఆదివారం పూట ఇక్కడ సండే స్కూలు నడిపారు. అప్పటికి దూలపల్లి ఇంకా ఊరే. ఒక పక్క ఫారెస్ట్ అకాడమీ, దాని వెనక అడవి, ఇంకో పక్క కొంపల్లి వైపు రోడ్డు. తర్వాత లేఅవుట్లు వచ్చాయి, గేట్లు వచ్చాయి, గేటుకో వాచ్‌మన్ వచ్చాడు. సండే స్కూలు పిల్లల్లో ఎవరైనా ‘ఏయ్ వాచ్‌మన్’ అని కేకేసి గేటు తీయించుకున్నారని తెలిస్తే మాష్టారు తిట్టేవారు కాదు. ‘పేరేందో అడిగి రా పో బిడ్డా’ అని వెనక్కి పంపేవారు. ఉత్త పేరే కాదు, ఆయనది ఏ ఊరో, పిల్లలెంతమందో కూడా కనుక్కుని రావాలి. అట్లా ఎండలో తిరిగొచ్చిన పిల్లాడు తర్వాత ఆ మనిషిని హోదాతో కాక పేరుతో పిలిచేవాడు. శుద్ధమైన మాట గురించి ఆయన చెప్పిన పాఠం, నాకు తెలిసి, ఇదొక్కటే. నోట్సు లేదు, పరీక్ష లేదు.

ఆయన మీద సంఘంలో ఒక ఫిర్యాదు కూడా ఉండేది. స్మారక సభ అంటే పొగడ్తలే ఉండాలని రూలేమీ లేదు కాబట్టి చెబుతున్నాను. మాష్టారికి మర్యాద తెలియదని కొందరనేవాళ్ళు. కారణం, ఆయన అందరినీ ‘నువ్వు’ అనేవారు. ఫ్యాక్టరీ ఇంజినీరూ నువ్వే, ఊడ్చే ఆయనా నువ్వే. ఇద్దరూ ‘అన్నా’లే. మెదక్ పల్లెల్లో పెరిగిన మనిషికి అందులో తప్పేమీ కనిపించదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్న మా బోటివాళ్ళకు మాత్రం చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. మేము పిల్లనిచ్చిన అల్లుణ్ణి, బ్యాంకు మేనేజర్ని, పాలవాణ్ణి వేర్వేరు మెట్ల మీద నిలబెట్టి పిలుస్తాం. ‘అండీ’ ఎవరికి, ‘ఏమయ్యా’ ఎవరికి, ‘ఒరేయ్’ ఎవరికి అన్నది నోటికి అలవాటైపోయిన లెక్క. దాన్నే మేము సంస్కారం అనుకున్నాం.

ఇక్కడొక విడ్డూరం చూడండి. అట్లా ఉలిక్కిపడే మేమే ఆదివారం పొద్దున కళ్ళు మూసుకుని దేవుణ్ణి ‘నీవు’ అంటాం. పాటల పుస్తకంలో నీవే, బైబిల్లో నీవే, మోకాళ్ళ మీద ఉన్నా నీవే. ఈమధ్య కొన్ని చోట్ల ‘మీకు స్తోత్రం’ అని వినబడుతోంది గాని, పాత అలవాటు నీవే. ప్రార్థన అయ్యాక కళ్ళు తెరిచి పాస్టరు గారిని ‘మీరు’ అంటాం. దేవుడు నీవు, పాస్టరు గారు మీరు. దీన్ని తప్పని నేననను. తెలుగువాడు అమ్మను నువ్వంటాడు, ఆప్తుణ్ణి నువ్వంటాడు. ఆ దగ్గరితనమే ప్రార్థనలోకీ వచ్చింది. అయితే దేవుడికి చాలిన ఆ పిలుపు మెదక్ పెద్దాయన నోటి నుంచి మనకు వస్తే అవమానం ఎట్లా అవుతుందో నాకు అంతుపట్టదు. నువ్వు అనడంలో మురికి లేదు. ఒకరికి నువ్వు, ఒకరికి మీరు అని మనుషుల్ని తూకం వేసి పంచడంలో ఉంది. మాష్టారు తూకం వేయలేదు. యాకోబు పత్రికలో నాలుక గురించి చెప్పిన మూడో అధ్యాయం మనకు కంఠతా వచ్చు. దాని ముందున్న రెండో అధ్యాయంలో సంఘంలోకి బంగారు ఉంగరం పెట్టుకున్నవాడొకడు, మాసిన బట్టలవాడొకడు వస్తారు. ఒకడికి మంచి చోటు చూపించి కూర్చోమంటారు, రెండోవాణ్ణి అక్కడ నిలబడమంటారు. బూతు లేదు, తిట్టు లేదు. రెండూ మర్యాద మాటలే. యాకోబుకు మాత్రం అక్కడే ఒళ్ళు మండింది.

యాస సంగతికి వద్దాం. శుద్ధమైన మాట అనగానే మనవాళ్ళు శుద్ధమైన భాష అనుకుంటారు. వేదిక ఎక్కి మైకు పట్టుకోగానే మెదక్ వాడైనా మహబూబ్‌నగర్ వాడైనా తన మాట దాచేసి పాత బైబిలు తెలుగులోకి దిగుతాడు. ‘గట్ల’ అనడు, ‘ఆలాగుననే’ అంటాడు. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడి 1940లో కన్నుమూశారు. బడి పుస్తకాలు మారాయి, పత్రికలు మారాయి. ప్రార్థన చేసే నోరు మాత్రం గ్రాంథికం వదల్లేదు. పాత మాటల మీద భక్తి ఉంటే ఉండనివ్వండి, పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు ఆ తెలుగులోనే కదా మన గుండెల్లో ఉన్నాయి. ఆయన 1803లో పుట్టి 1890లో పోయారు, ఆయన పాట లేని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఊహకు అందదు. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, ఆ భాష రానివాడి ప్రార్థనకు వెనక బెంచీలో నవ్వు వినబడుతుంది చూడండి, అక్కడ. మన సినిమాలు ఎన్నో ఏళ్ళు తెలంగాణ యాసను రౌడీకీ హాస్యగాడికీ ఇచ్చాయి. ఆ నవ్వు థియేటరులో మొదలై గుడిలోకి చెప్పులేసుకుని వచ్చింది.

యేసు ప్రభువుదీ ఆయన శిష్యులదీ అట్లాంటి యాసే అని గుర్తు చేయనివ్వండి. వాళ్ళు గలిలయవాళ్ళు. యెరూషలేము పెద్దలకు గలిలయ మాట అంటే వేళాకోళం. యూదుల తల్మూదులో ఒక కథ ఉంది. ఒక గలిలయుడు బజారుకు వెళ్ళి ఏదో కావాలని అడుగుతాడు. గొంతులోంచి పలకాల్సిన అక్షరాలు అతనికి సరిగ్గా తిరగవు. ‘ఓరి మూర్ఖుడా, నువ్వడిగేది ఎక్కడానికి గాడిదా, తాగడానికి ద్రాక్షారసమా, కట్టుకోవడానికి ఉన్ని బట్టా, కోయడానికి గొర్రెపిల్లా’ అని అక్కడివాళ్ళు ఏడిపిస్తారు. ఆ నాలుగు మాటలూ అతని నోట్లో ఒకేలా పలుకుతున్నాయి మరి.

ఈ సంగతి మనసులో పెట్టుకుని మత్తయి సువార్త ఇరవై ఆరో అధ్యాయం చివర చదవండి. ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట పేతురు కూర్చున్నాడు. నువ్వు వాళ్ళలో ఒకడివే, నీ మాట తీరే పట్టిస్తోందని పక్కవాళ్ళు అంటారు. పేతురు అప్పుడేం చేశాడు? శపించుకోవడం, ఒట్టు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ మనిషెవరో తనకు తెలియదన్నాడు. పేతురు అబద్ధం గురించీ కోడికూత గురించీ మనం వెయ్యి ప్రసంగాలు విన్నాం. ఆయన నోరు పాడైన క్షణం ఏదో గమనించారా? యాస బయటపడ్డ క్షణం. తను ఎక్కడివాడో దాచుకోవడానికి పేతురు ఒట్లలోకి, శాపాల్లోకి దూకాడు. గలిలయ యాసలో దోషం లేదు. ఆ యాసను చూసి వేలెత్తి చూపిన ముంగిట్లో ఉంది మొదటి దోషం, దానికి జడిసి నోరు పారేసుకోవడం రెండోది. కొత్తగా హాస్టలుకు వెళ్ళిన మన పిల్లలు నెల తిరిగేసరికి బూతులు ఎందుకు నేర్చుకుంటారో అడిగి చూడండి. ఊరివాడిలా కనబడకుండా ఉండటానికే.

మర్యాద మాట ఎంత మురికిగా ఉండగలదో తెలుసుకోవాలంటే ఈ నేల చరిత్రకు మించిన బడి లేదు. నిజాం కాలపు పల్లెల్లో గడీ ముందు నిలబడ్డ మనిషి చెప్పులు చేతిలో పట్టుకుని ‘నీ బాంచన్, కాల్మొక్త దొరా’ అనేవాడు. ఆ వాక్యంలో చెడ్డ మాట ఒక్కటైనా ఉందా? వినయం ఉంది, భక్తి ఉంది. వెట్టిచాకిరీ భయం పిండి తీసిన భక్తి అది. అవతల దొర నోటి నుంచి వచ్చేది వేరు, అది ఈ సభలో చెప్పలేను. బలవంతాన తీసుకున్న గౌరవమూ, ఉచితంగా వచ్చిన బూతూ ఒకే సంభాషణలో రెండు సగాలు.

ఆ పల్లెల్లోకి వెస్లియన్ మిషన్ వచ్చింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో కూలి ఇచ్చి, అన్నం పెట్టి మెదక్ చర్చి కట్టించారు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. తమ తాత అక్కడ రాళ్ళు మోశాడని మాష్టారు చెప్పుకునేవారు. గడీ ముందు వంగిన మనిషి ఆ చర్చిలో నిటారుగా కూర్చుని పాడాడు, నిజం. అయితే మనవాళ్ళు ఆ తెల్లాయన్ని ఏమని పిలిచారు? దొరగారు. ఒంగోలులో మిషనరీ క్లౌ గారినీ దొర అనే అన్నారు. మిషనరీ భార్య దొరసాని. ప్రేమగానే అన్నారు, కాదనను. పాత మాట పాత ఖాళీలో కూర్చుంది, అంతే. ఇవాళ ఆ ఖాళీలో ఎవరు కూర్చున్నారో నేను చెప్పక్కర్లేదు. సభకు అధ్యక్షత వహిస్తున్న పాస్టరు అయ్యగారు నవ్వుతున్నారు కాబట్టి ధైర్యంగా ముందుకు వెళ్తాను.

క్లౌ గారి పేరు వచ్చింది కాబట్టి 1878 జూలై 3 గుర్తు చేసుకోవాలి. మహా కరువు తర్వాత గుండ్లకమ్మ ఒడ్డున ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అంతమంది ఎందుకు వచ్చారన్నదానికి కరువు అని ఒకరు, కూలి అని ఒకరు, ఆత్మ అని ఒకరు జవాబు చెబుతారు. అన్నిటిలోనూ కొంత ఉంది. నేను ఇంకొకటి కలుపుతాను. పేరు చివర ‘గాడు’ తగిలించకుండా తమను పిలిచే ఒక నోటిని వాళ్ళు మొదటిసారి విన్నారు. కులం పేరు తిట్టుగా మారిన దేశంలో అది చిన్న విషయం కాదు. క్రైస్తవులే కాదు, భాగ్యరెడ్డి వర్మ గారు పట్టుకున్నదీ ఈ కొసే. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభకు ఆయన అధ్యక్షులు. ఆ సభ ముగిసేసరికి అది ఆది ఆంధ్ర సభ అయింది. ఎదుటివాడు పెట్టిన పేరుతో బతకబోమని తేల్చేశారు.

మనం నిక్కచ్చిగా మాట్లాడుకోవాల్సింది ఇక్కడ. కులం పేరుతో నలుగురిలో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. సెక్షన్ 3(1)లో అవమానించడం గురించి, కులం పేరుతో తిట్టడం గురించి విడివిడిగా ఉంది. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సి. 2025 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇదే తర్కంతో, క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా పనిచేస్తున్న మనిషి ఆ చట్టం కింద రక్షణ కోరలేడని చెప్పింది. చట్టం అక్షరం మీద నాకు పట్టు లేదు, వాదించను. ఒకటి మాత్రం తెలుసు. తిట్టేవాడు ఎదుటివాడి బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి తిట్టడు.

అది బయటివాళ్ళ నోరు. మన నోటి సంగతి? ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ కొత్తగా వచ్చిన కుటుంబాన్ని మనం అడిగే మొదటి ప్రశ్న ఏది? ‘ఇంటిపేరేంటండీ?’ ఎంత మృదువుగా అడుగుతామో. ఆ ప్రశ్నకు జవాబు ఇంటిపేరు కాదని అడిగినవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. పెళ్ళి సంబంధాల దగ్గర ‘మనవాళ్ళేనా’ అంటాం, క్రైస్తవులేనా అని మాత్రం దానర్థం కాదు. గుర్రం జాషువా గారు వినుకొండలో 1895లో ఒక పాస్టరు ఇంట పుట్టారు. తన పద్యం విని తలలూపి మెచ్చుకున్నవాళ్ళు కులం ఏమిటని అడిగి, తెలుసుకుని, లేచి వెళ్ళిపోవడం గురించి ఆయన రాసుకున్నారు. ఆ అడిగినవాళ్ళు ఆయన్ని తిట్టలేదు. అడిగారు, అంతే. హిందూ ఇతివృత్తాల మీద కావ్యాలు రాశాడని అవతల సంఘమూ ఆయన్ని దూరం పెట్టింది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చాక మనవాడే అని చెప్పుకోవడానికి అందరం క్యూ కట్టాం. ‘మనవాడు’ అనే మాట అప్పుడు నోట్లో ఎంత తియ్యగా ఉందో.

ఒట్ల గురించి కొద్దిగా. కొండ మీద ప్రసంగంలో ప్రభువు ఒట్టే వద్దన్నాడు, అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండమన్నాడు. దీన్ని అక్షరాలా పట్టుకున్నవాళ్ళు మెన్నొనైట్లు. 1527లో ష్లైట్‌హైమ్ అనే ఊళ్ళో వాళ్ళ పూర్వీకులు రాసుకున్న ఒప్పుకోలులో ఏడో అంశం ఇదే. ప్రమాణం చేయనన్నందుకు జైళ్ళకు పోయారు. ఆ వంశం మన దగ్గరకూ వచ్చింది. 1889లో రష్యా నుంచి ఫ్రీజెన్ దంపతులు వచ్చి నల్లగొండ ప్రాంతంలో పనిచేశారు, ఆ తర్వాత అమెరికా నుంచి వచ్చినవాళ్ళు మహబూబ్‌నగర్ వైపు సంఘాలు కట్టారు. శంషాబాద్‌లో వాళ్ళ బైబిలు కాలేజీ ఉంది. ఒట్టు వద్దన్నవాళ్ళ సంతానం తెలంగాణలో ఇంతమంది ఉండగా మన నోళ్ళలో ‘అమ్మతోడు’, ‘నా పిల్లల మీదొట్టు’ ఏమైనా తగ్గాయా? పైగా ‘బైబిలు మీద ఒట్టు’ అని ఒకటి పుట్టించాం. ఒట్టు పెట్టొద్దని చెప్పే పుస్తకం మీద చెయ్యి వేసి ఒట్టు! కోర్టులోనైనా 1969 చట్టం ప్రకారం దేవుడి పేరెత్తకుండా సత్యం చెబుతానని ధ్రువీకరిస్తే సరిపోతుంది. ఇంట్లో మనకు ఆ సౌకర్యం కూడా పట్టదు.

ఇందులో నాకు నచ్చే ఒక మెలిక ఉంది. దోర్నకల్‌లో 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య గారు కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత తమ చెయ్యి తమ నెత్తి మీద పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న అర్థంలో పౌలు మాట చెప్పించేవారు. నెత్తి మీద చెయ్యి అంటే మనకు ఒట్టే. మెన్నొనైట్లు చూస్తే ముఖం చిట్లించేవారు. కానీ గమనించండి, చెయ్యి పెట్టింది తన నెత్తి మీద, పిల్లల నెత్తి మీద కాదు. మాట తప్పితే ఆ దెబ్బ తనకే.

దేవుడి పేరు వృథాగా ఎత్తొద్దన్నది పది ఆజ్ఞల్లో మూడోది. కతోలికులు, లూథరన్లు రెండోదిగా లెక్కపెడతారు, ఆ తగవు ఇవాళ వద్దు. కోపం వస్తే ‘జీసస్’ అని ఇంగ్లీషు సినిమాలో లాగా అనకూడదని పిల్లలకు చెబుతాం. మంచిదే. పెద్దలు ఆ ఆజ్ఞను మీరే తీరు వేరు. ‘ప్రభువు నాతో చెప్పాడు’ అని మొదలుపెడతారు. ఈ స్థలం కొనమని ప్రభువు చెప్పాడు, ఆ సంఘం వదలమని ప్రభువు చెప్పాడు, ఫలానా అమ్మాయిని చేసుకోమని ప్రభువు చెప్పాడు. ఎదుటివాడికి జవాబు చెప్పే దారి లేకుండా దేవుడి పేరును తలుపుకు గడియలా వేస్తారు. నా మటుకు నాకు, బస్సులో నోరుజారిన కుర్రాడి కంటే ఈ మాటే ఆ ఆజ్ఞకు దగ్గరగా తగులుతుంది.

ఇరుగుపొరుగు సంగతి చెప్పకుండా దిగితే మాష్టారు ఒప్పుకోరు. దూలపల్లిలో మన ప్రార్థన షెడ్డు మైకు వినబడేంత దూరంలోనే గుడి ఉంది, బోనాలప్పుడు వాళ్ళ పాటా మనకు వినబడుతుంది. మన ప్రసంగాల్లో ఆ ఇళ్ళవాళ్ళను ‘అన్యులు’ అంటాం. బైబిల్లో ఉంది కదా అంటారు. ఉంది. ఆ ‘అన్యులు’ మన పిల్లలకు జ్వరమొస్తే ఆటో పిలిచి తీసుకెళ్ళినవాళ్ళు. మైకులో ఆ మాట వాళ్ళ వంటింట్లోకి వెళ్తుంది. వాళ్ళ దేవతల గురించి మనలో కొందరు అనే మాటలు, మన దేవుడి గురించి వాళ్ళలో కొందరు ఫోన్లలో తిప్పే మాటలు, రెండూ ఒకే డ్రైనేజీలో కలుస్తాయి. ఎవరు మొదలుపెట్టారన్నది నాకు అనవసరం. అపొస్తలుల కార్యాలు పందొమ్మిదో అధ్యాయంలో ఎఫెసు పట్టణం పౌలు మీద, అతని తోటివాళ్ళ మీద తిరగబడుతుంది. అప్పుడు ఊరి కరణం లేచి, ఈ మనుషులు గుడి దోచలేదు, మన దేవతను దూషించనూ లేదు అని జనానికి సర్దిచెబుతాడు. ఆ సాక్ష్యం ఇచ్చింది సంఘ పెద్ద కాదు, అర్తెమి దేవి భక్తుడు. పౌలు ఎఫెసులో రెండేళ్ళకు పైగా బోధించాడు, అర్తెమికి వెండి గుళ్ళు తయారుచేసేవాళ్ళ వ్యాపారానికే ముప్పు వచ్చేంతగా బోధించాడు. అంత చేసీ ఆ దేవతను తిట్టాడన్న నేరం పడలేదు. యూదా పత్రికలో మిఖాయేలు దూత అపవాదితో వాదిస్తూ కూడా దూషణ మాట ఎత్తలేదని ఉంది. సాతానుకే ఆ మర్యాద దక్కితే, పక్కింటి అమ్మవారి మీద మనకు నోరెట్లా లేస్తుంది?

ఇంతసేపటి నుంచి ముందు వరుసలో ఒక తమ్ముడు చెయ్యెత్తుతున్నాడు. అడగబోయేది నాకు తెలుసు, ఇదివరకు కూడా అడిగాడు. ప్రభువు హేరోదును నక్క అనలేదా, శాస్త్రులను సర్పసంతానం అనలేదా అని. అన్నాడు. కటువు మాటకూ మురికి మాటకూ మధ్య గీత ఉంది. హేరోదు చేతిలో సైన్యం ఉంది, శాస్త్రుల చేతిలో గుడి ఉంది. అధికారం ఉన్నవాడి మీద అన్న మాట అది, అన్నవాడికి దానివల్ల ప్రాణం మీదికి వచ్చింది. పౌలు కూడా ప్రధాన యాజకుణ్ణి సున్నం కొట్టిన గోడ అన్నాడు. ఆయన ప్రధాన యాజకుడని తెలియగానే, ప్రజల అధికారిని నిందించకూడదని రాసి ఉందంటూ తనే వెనక్కి తగ్గాడు. మన కటువు మాటలు ఎటు ప్రవహిస్తాయో చూసుకోండి. పైకి ఎక్కేవి తక్కువ. పనిమనిషి, డెలివరీ కుర్రాడు, ఇంటి కోడలు, వీళ్ళ మీదికే దిగుతాయి.

ఈ గీత నాకు ఒక్క చోట పనిచేయదు. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో సురోఫెనికయ స్త్రీ తన కూతురి కోసం ప్రభువు కాళ్ళ మీద పడుతుంది. పరాయి జాతి, ఆడది, దిక్కులేనిది. ప్రభువు ఆమెతో పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయడం తగదంటాడు. పరీక్షించడానికి అన్నాడని కొందరు, ముద్దుగా అన్నాడని కొందరు సర్దుతారు. ముద్దుగా అన్నా ‘కుక్కపిల్ల’ అనిపించుకున్న జాతుల పిల్లలం మనం, మనకు ఆ సర్దుబాటు అంత తేలిగ్గా దిగదు. ఆమె ఏడవలేదు, ఎదురు తిట్టలేదు. బల్ల కింద పడ్డ ముక్కలు కుక్కపిల్లలూ తింటాయి కదా ప్రభువా అంది. సువార్తల్లో పరిసయ్యులు, సద్దూకయ్యులు, ధర్మశాస్త్రం చదివిన పండితులు వచ్చి మాటల్లో ఆయన్ని పట్టుకోవాలని చూశారు, ఎవరివల్లా కాలేదు. ఈ ఒక్క ఆడమనిషి దగ్గర ఆయన తన మాట పక్కన పెట్టాడు. నువ్వు ఆ మాట అన్నందుకే నీ కూతురు బాగుపడిందని పంపాడు. ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్నట్టు మత్తయి రాశాడు, మార్కు మాత్రం ఆమె మాటనే రాశాడు. నాకు మార్కు రాసిందే సరైనదనిపిస్తుంది. పాస్టరు అయ్యగారు ఇది ఒప్పుకోరని తెలుసు. ఈ అధ్యాయం మీద మాష్టారికీ ఆయనకూ కూడా వాదన జరిగిందట. మైకు ఆయనకే ఇస్తున్నాను.